ఆ సమాధి మీద రాళ్లు

ఆ పాత శ్మశానాన్ని చూపించే గైడు మాటకారి. మూడు వందల ఏళ్ల నాటి సమాధుల చరిత్ర చెబితే జనం ఆవలిస్తారని అతనికి తెలుసు. అందరూ వచ్చేది మూలనున్న, అంత పాతది కాని ఒక్క సమాధి కోసం. మొగుడి మీదే కత్తి ఎత్తిన రాక్షసి అందులో ఉందనీ, చచ్చినా కోపం చల్లారక కేకలు వేస్తుందనీ, దగ్గరికి వచ్చినవాళ్లను రక్కుతుందనీ చెప్పేవాడు. నిజానికి రక్కేది దారిలోని ముళ్లకంప. పనిగట్టుకుని అందర్నీ అటు నడిపించేది అతనే. చివర్లో తలా ఒక రాయి చేతికిచ్చి, సమాధి మీదికి విసిరితే దయ్యం వెంటరాదనేవాడు. జనం నవ్వుతూ విసిరేవారు. చచ్చినవాడి కళ్లు చారెడంటారు, ఈమెకు ఆపాటి మర్యాద కూడా దక్కలేదు.

ఒక మధ్యాహ్నం వచ్చిన గుంపులో ఒక ముసలమ్మ రాయి తీసుకోలేదు. అందరూ వెళ్లాక సమాధి పక్కన చతికిలబడి, పడిన రాళ్లను ఒక్కొక్కటే ఏరసాగింది. వాటిని ముట్టుకుంటే దయ్యం ఊరుకోదని గైడు అలవాటుకొద్దీ హెచ్చరించాడు.

"మా అమ్మే కదా బాబూ, నన్నేం చేస్తుంది?" అందామె.

గైడు ఆమె ఎదుట గొంతుక్కూర్చున్నాడు. ఎలా పోయిందని మెల్లగా అడిగాడు.

"మా నాన్న కొట్టి చంపాడు. కేకలు వేస్తుందన్నావే, వేసిన మాట నిజమే. చచ్చాక కాదు, బతికుండగా. నాకప్పుడు ఆరేళ్లు. ఈ గోడవతలే మా ఇల్లు. పరిగెత్తుకెళ్లి పక్కింటి తలుపు బాదాను. నీలం తలుపు. లోపల మాటలు వినపడుతూనే ఉన్నాయి, తీయలేదు."

శ్మశానం గోడవతల నీలం తలుపున్న ఇల్లు ఒక్కటే. గైడు పుట్టి పెరిగింది అందులోనే. దయ్యం కథ అతనికి చెప్పింది వాళ్ల నానమ్మ. చెప్పిన ప్రతిసారీ లేచి వెళ్లి తలుపు గడియ చూసుకునేది. అది దయ్యం భయమని ఇన్నాళ్లూ అనుకున్నాడు. నానమ్మ ఒక్కరోజు తలుపు తీయలేదు, తాను పదిహేనేళ్లుగా రోజూ రాళ్లు పంచాడు. సిగ్గుతో అతనికి తలెత్తబుద్ధి కాలేదు.

"అది మా ఇల్లేనమ్మా" అన్నాడు.

ఆమె తలెత్తి అతని వంక చూసింది. తిట్టలేదు, ఓదార్చనూ లేదు.

"అయితే రేపు వచ్చేవాళ్లకి ఆ మాట కూడా చెప్పు" అని మళ్లీ రాళ్లు ఏరుకుంది.

మర్నాడు పొద్దున్నే అతను ముళ్లకంప నరికేశాడు. వచ్చినవాళ్లను సమాధి ముందు నిలబెట్టి జరిగింది జరిగినట్టు చెప్పాడు. మరి దయ్యం లేదా అని ఎవరో నిరాశగా అడిగారు.

"లేదండీ. చంపినవాణ్ణి వదిలేసి, చచ్చినామెను దయ్యమన్నాం. పక్కింట్లో కేక వినపడితే తలుపు తీయండి. మా ఇంట్లో తీయలేదు."