చూస్తానన్న మనిషి

కాఫీ చల్లారిపోయేసరికి ఆయన ఏడు ఉత్తరాలు రాసేశాడు. ఏడింటిలోనూ అడిగింది ఒకటే. అయ్యా, మీ ప్యాకేజీని మీరు ఇంకా చూసుకుంటున్నారా? వంటగది గోడవారగా చిన్న బల్ల, దాని మీద ఒక మూల పగిలిన ల్యాప్‌టాప్. ఆ వేళకి ఇంట్లో వినిపించేది ఆయన వేళ్ల చప్పుడే. బట్టతల, మెడ మీద పులిపిరి, బొటనవేలి గోటి కింద ఎంత రుద్దినా వదలని గ్రీజు. పగలంతా నీటి మీటర్లు బాగుచేసే వర్క్‌షాపులో ఉద్యోగం. తెల్లవారి అయిదు నుంచి ఎనిమిది దాకా మాత్రం దిక్కులేని ప్రోగ్రాములకు ఆయనే దిక్కు.

ఎవరో సరదా కొద్దీ ఒక ప్రోగ్రాము రాస్తారు. అందరూ ఉచితంగా వాడుకోండని ప్యాకేజీగా కట్టి, కింద తమ పేరు పెట్టుకుంటారు. ఆ తర్వాత పెళ్లో, పిల్లలో, విసుగో అడ్డం వస్తుంది. మనిషి జాడ ఉండదు, పేరు మాత్రం ఉండిపోతుంది. అలాంటివాళ్లు ఉన్నారో లేరో తేల్చి, లేకపోతే ఆ ప్యాకేజీని మరొకరికి అప్పగించడం ఈయన పని. పదకొండేళ్లుగా చేస్తున్నాడు. జీతం లేదు, సెలవు లేదు. బాగుచేశావయ్యా అని ఒక్కడూ అన్న పాపాన పోలేదు. మీటరు సరిగ్గా తిరుగుతోందని వర్క్‌షాపుకి ఫోను చేసినవాడు మాత్రం ఎవడున్నాడు?

ఆ రోజు వచ్చిన ఉత్తరాల్లో ఒకటి ఏదో బ్యాంకుది. మీ ప్యాకేజీ వల్ల మా పని ఆగింది, సాయంత్రంలోగా సరిచేయగలరు అని ఉంది. చేయగలరట! ఊరికే వచ్చింది వాడుకుంటూ పైనుంచి హుకుం జారీ చేయడానికి మనిషికి ఎంత మొహం ఉండాలి? ఆయన పళ్లు కొరుకుతూనే మర్యాదగా జవాబు రాశాడు.

రెండోది అంధుల బడిలో లెక్కల టీచరుది. వేళ్లతో తడిమి చదివే చుక్కల లిపిలోకి పుస్తకాలను మార్చే ప్రోగ్రాము ఒకటుంది. దానికి ఒక జబ్బు పట్టుకుంది.

“సార్, మళ్లీ అడుగుతున్నందుకు ఏమనుకోకండి. దశాంశం పాయింటు దాటగానే అంకెలన్నీ ఇంకా అక్షరాలుగానే పడుతున్నాయి. పిల్లలు తప్పు తమదేమో అనుకుని మళ్లీ మళ్లీ తడుముతున్నారు. ఈ ఏడాది పుస్తకమైనా బాగా వస్తుందా?”

జబ్బుకి మందు ఆయన దగ్గర నాలుగు నెలలుగా ఉంది. పదకొండు లైన్లు. ఈ ప్యాకేజీలన్నీ కలిపి రెండేళ్లకోసారి కొత్తగా విడుదల చేస్తారు, ఆ సాయంత్రం ఆరింటికి దానికి తలుపులు మూసేస్తారు. ఈసారి తప్పితే మళ్లీ రెండేళ్లు ఆగాలి. కానీ ఒకరి పేరున్న ప్యాకేజీని వాళ్లు వదిలేదాకా మరొకరు ముట్టకూడదు. నెలకొకటి చొప్పున మూడు ఉత్తరాలు రాయాలి. మూడింటికీ జవాబు రాకపోతేనే పేరు తీసేస్తారు. ఏ జవాబు వచ్చినా, చివరికి ఒక్క ముక్క వచ్చినా, లెక్క మళ్లీ మొదటికి వస్తుంది.

ఈ చుక్కల ప్రోగ్రాము రాసిన పెద్దమనిషి దగ్గర నుంచి ఆ ముక్క వస్తూనే ఉంది. “మీ ఉత్తరం అందింది. వీలు చూసుకుని చూస్తాను.” నాలుగేళ్లలో తొమ్మిదిసార్లు అదే మాట. తొమ్మిదిసార్లూ ఈయన జాబితాలో ఆ పేరు పక్కన ‘ఉన్నారు’ అని తన చేత్తోనే రాశాడు. ఈయనతో పాటు ఈ పని చేసే జట్టులో అందరూ ఆ పెద్దమనిషికి ‘చూస్తాను గారు’ అని పేరు పెట్టి నవ్వుకుంటారు. ఈ ఉదయం ఇంకోసారి బతిమాలుతూ రాస్తే నిమిషంలో అదే జవాబు ఊడిపడింది.

“చూస్తాడట. ఏం చూస్తాడు, నా తద్దినమా?” అని తెర మీద అరిచాడు.

“ఆ అరిచేదేదో ఆయనకే ఫోను చేసి అరవండి,” అంది భార్య కప్పు తీసుకుపోతూ.

“ఫోన్లు చేయకూడదు. ఉత్తరాలే రాయాలి. అది మా పద్ధతి.”

“మీ పద్ధతి తగలెయ్య. స్నానానికి నీళ్లు కాగాయి, లేవండి.”

మధ్యాహ్నం దాకా ఇరవై మీటర్లు విప్పి, తుప్పు గీకి, పళ్లచక్రాలు మార్చాడు. భోజనాల వేళ జట్టు పైకమిటీకి, ఈ ఒక్కసారికి నియమం సడలించమని ఫోన్లోనే టైపు చేసి అర్జీ పెట్టుకున్నాడు. వెంటనే జవాబిచ్చారు. “ఆయన ఈ ఉదయమే స్పందించారు కదా. నియమం ప్రకారం ఉన్నట్టే.” చుక్కల మీద వేళ్లు పెట్టి తికమకపడే పిల్లలు మాత్రం ఏ నియమం ప్రకారమూ లేరు కాబోలు.

ఆ ప్రోగ్రాము మొదటి ఫైలు చివర, ఎవరినైనా నమ్మే రోజుల్లో ఆ పెద్దమనిషి రాసిపెట్టిన ఇంటి ఫోను నంబరు ఉంది. పదకొండేళ్ల పద్ధతిని పక్కన పెట్టి, నాలుగు దులిపేయాలనే నొక్కాడు. ఒక పెద్దావిడ ఎత్తింది. ఈయన ఊపిరి తిప్పుకోకుండా ప్రోగ్రాము, బడి, పది ఉత్తరాలు అన్నీ చెప్పేశాడు. ఆవిడ అడ్డురాకుండా విన్నది.

“ఆయన పోయి నాలుగేళ్లు దాటిందండి,” అంది.

వర్క్‌షాపులో గాలి పంపు ఆడుతోంది. ఈయన రెండో చెవి మూసుకున్నాడు.

“మరి జవాబులు వస్తున్నాయి కదమ్మా. ఈ ఉదయం కూడా వచ్చింది.”

“ఆస్పత్రికి వెళ్లే ముందు కంప్యూటర్లో ఏదో పెట్టారండి, ఎవరు రాసినా జవాబు దానంతటదే వెళ్లేలాగా. తిరిగొచ్చి చూసుకుంటాను, ఆపకు అన్నారు. నేను ఆపలేదు. రోజూ దుమ్ము తుడుస్తున్నాను అంతే.” మళ్లీ ఆవిడే అడిగింది. “పిల్లలకి ఇబ్బందైందా? ఆయనకి తెలిస్తే ఒప్పుకునేవారు కాదు.”

పది జవాబుల్లో అక్షరం తేడా లేదు, అన్నీ నిమిషంలో వచ్చినవే. యంత్రాలతో పొద్దుపుచ్చేవాళ్లు ఇంతమంది ఉండి అది యంత్రమని పోల్చుకోలేదు. పోల్చుకోకపోగా నవ్వుకున్నారు. ఉన్నాడా అని నాలుగేళ్లు అడిగారు గాని ఎలా ఉన్నావని ఒక్కడూ అడగలేదు. అందరికంటే ముందు తన చెంప తను వాయించుకోవాలనిపించింది.

ఫోర్‌మన్‌కి చెప్పి మూడింటికే ఇంటికొచ్చాడు. ల్యాప్‌టాప్ తెరిచి కమిటీకి సంగతి రాస్తే, “మంచిది, ఇక అడ్డంకి లేదు, కానివ్వండి” అన్నారు. పేరు మార్చే ఫారంలో కారణం రాయడానికి ఖాళీ లేదు. ఎంచుకోవాలంతే. స్పందన లేదు, ఆసక్తి లేదు, ఇతరములు. పాతికేళ్ల నుంచి నడుస్తున్న ఫారం అది. ప్రోగ్రాము రాసేవాడు మనిషని, మనిషన్నవాడు పోతాడని దాన్ని తయారుచేసినవాడికి తట్టలేదు. ఇతరములు నొక్కాడు. పాత పేరు చెరిపేయమని ఫారం అడిగితే చెరపకుండా దాని కింద తన పేరు చేర్చి, పదకొండు లైన్లూ పంపేశాడు. అయిదుంబావుకి అందినట్టు కబురొచ్చింది. పుస్తకం ఈసారి బాగా వస్తుందని టీచరుకి రాశాడు.

ఆరు కావస్తుండగా ఆవిడ ఫోను చేసింది.

“ఇక దాన్ని ఆపేయొచ్చాండీ?”

ఆపేయండమ్మా అన్నాడు. బటను ఎక్కడుంటుందో చెప్పాడు. నొక్కబోయే ముందు, ఇదేనా అని అడుగుతూ ఒక ఫొటో పంపింది. అదేనమ్మా అని జవాబిచ్చాడు.

ఫొటోలో కిటికీ పక్కన బూడిదరంగు కంప్యూటర్ పెట్టె, దాని మీద నాలుగు మడతలు పెట్టిన తువ్వాలు, తువ్వాలు మీద ఒక కాడకు దారం చుట్టిన కళ్లజోడు.