గంటా అయిదు నిమిషాలు

అక్క పోయిందని నరేందర్ ఫోన్ చేసినప్పుడు పొద్దున ఆరు. నేను రాజమండ్రిలో ఉన్నాను. అప్పుడే కారు మాట్లాడుకుని బయలుదేరి ఉంటే మూడింటికల్లా ఊళ్లో ఉండేవాణ్ణి. విమానం టికెట్ తీసుకున్నాను. నా తెలివి తెల్లారినట్టే ఉంది.

"రెండున్నరకు ఎక్కుత తమ్మీ. గంటా అయిదు నిమిషాలే. సాయంత్రం నాలుగున్నరకు వాకిట్ల ఉంట. నేనొచ్చేదాక ఎత్తకుండ్రి," అన్నాను.

నరేందర్ మా చిన్నాయన కొడుకు. మా ఊరు తుక్కుగూడ పక్కన, శంషాబాద్ విమానాశ్రయానికి దగ్గరే. దిగే విమానాలు మా ఇళ్ల మీదుగా ఎంత కిందికి పోతాయంటే వాటి పొట్ట మీది రాతలు కూడా కనపడతాయి.

అమ్మ పోయినప్పుడు నాకు నాలుగేళ్లు, అనంతమ్మక్కకు పదహారు. నన్ను ఆమే పెంచింది. ఆమెకు పిల్లల్లేరు, బావ ఎప్పుడో పోయాడు. పాడె ముందు నిప్పుకుండ పట్టుకుని నడవాల్సింది నేనే. పొద్దుగూకితే మావాళ్లు దహనం చెయ్యరు. చలికాలం, అయిదూ ముప్పావు దాటితే చీకటే.

టికెట్లో గంటా అయిదు నిమిషాలని రాశారు గానీ, రావాల్సిన విమానమే రాకపోతే ఏం చెయ్యాలో రాయలేదు. నాలుగింటికి నరేందర్ మళ్లీ చేశాడు.

"పెద్దబాపు తొందర పెడుతున్నడే. ఇగ నువ్వు రాకుంటే కుండ నేను పట్టుకుంట."

"జరసేపు ఆగుండ్రి," అన్నాను. పెద్దబాపంటే మా నాన్నకు అన్న, ఇంటికి పెద్ద.

నాలుగుంబావుకు లేచాం. తొందరగా దిగొచ్చని నడవ పక్క సీటు అడిగి మరీ తీసుకున్నాను. అయిదుంబావుకు బెల్టులు పెట్టుకోమన్నారు. తర్వాత రన్‌వే ఖాళీ లేదని విమానం చుట్టూ తిరగడం మొదలుపెట్టింది. కిటికీ దగ్గరాయన అద్దానికి తల ఆనించి నిద్రపోతున్నాడు. నేను గడియారం నుంచి కళ్లు తిప్పలేదు. మూడు వందల అరవై కిలోమీటర్లు వచ్చి, సొంత ఊరి నెత్తి మీద తిరుగుతూ, కింద ఉన్న ఒక్కరికీ ఒక్క మాట చెప్పలేకపోయాను. విమానం నిండా మనుషులున్నారు, అయినా అంత ఒంటరితనం నేనెన్నడూ ఎరగను.

చక్రాలు నేలను తాకి, ఫోన్ ఆన్ చేసేసరికి ఆరు కావస్తోంది. వెంటనే మోగింది.

"అన్నా, అయిపోయింది. పొద్దు పోతుండె. కుండ నేనే పట్టిన, ఏమనుకోకు."

"ఏమనుకుంటరా."

"నీ విమానం యాడిదాక వచ్చిందో ఫోన్ల చూస్తనే ఉన్న. మన మీదనే తిరుగుతుండె. గప్పుడే దింపుడు కళ్లం కాడ పాడె దింపినం. చెవుల పేరు పెట్టి పిలవాలె గద, నువ్వు లేకపోతివి. పెద్దబాపు అక్క మొఖం మీది బట్ట మొత్తం తియ్యమన్నడు, నీకు కడసారి చూపు దక్కాలని. నువ్వు రెండు చుట్లు తిరిగిందాక అందరం పక్కకు జరిగి నిలవడ్డం, అడ్డం రావద్దని. అక్క కనపడ్డదా అన్నా?"

తలుపు ఇంకా తెరవలేదు. నా వెనక అందరూ సంచులు పట్టుకుని నిలబడ్డారు.

"కనపడ్డది తమ్మీ," అన్నాను. "మంచిగ కనపడ్డది."