నాలుగో వాయిదా

నేను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళన్న సంగతి మా ఆవిడ పెళ్ళయిన ఏడాదే కనిపెట్టింది. అందుకే చలానా కాగితం చూపించి, కట్టను, కోర్టులో తేల్చుకుంటానంటే ఆశ్చర్యపోలేదు.

"కోర్టుకెక్కినవాళ్ళలో ఓడినవాడు అక్కడే ఏడుస్తాడట, గెలిచినవాడు ఇంటికొచ్చి ఏడుస్తాడట. మీ ఇష్టం" అని కూరగాయలు తరగడంలో పడిపోయింది.

నా ఇష్టం కాదది, నా అవసరం. నేను స్కూలు బస్సు డ్రైవర్ని. పెద్ద కూడలిలో ఎర్ర లైటు పడ్డాక బండి పోనిచ్చానని ట్రాఫిక్ పోలీసు చలానా రాశాడు. డబ్బు కట్టేశామంటే తప్పు ఒప్పుకున్నట్టే. ఒప్పుకుంటే లైసెన్సు మీద మచ్చ పడుతుంది. రెండేళ్ళ కిందటి స్పీడు కేసుతో నాకు ఇదివరకే ఒక మచ్చ ఉంది. రెండోది పడితే పిల్లల బండి నడిపే అనుమతి తీసేస్తారు. యాభై నాలుగేళ్ళవాణ్ణి, పదహారేళ్ళుగా పిల్లల బండి తప్ప ఇంకోటి ముట్టుకోనివాణ్ణి, సిమెంటు లారీ ఎక్కమంటే ఎక్కగలనా?

పైగా నేను వెళ్ళింది పసుపు లైటులో. నాకు బాగా గుర్తు.

మొదటి తేదీకి వెళితే అది విచారణ కాదన్నారు. ఒప్పుకుంటావా లేదా అన్న ఒక్క ముక్క చెప్పడానికట. ఆ ఒక్క ముక్క కోసం ఉదయం తొమ్మిదికి వెళ్ళి రెండింటిదాకా గోడకానుకుని నిలబడ్డాను. ఒప్పుకోనన్నాను. గుమాస్తా తలెత్తకుండానే ఆరు వారాల తర్వాతి తేదీ వేసి, "సాక్షులెవరైనా ఉంటే తెచ్చుకోండి" అన్నాడు.

నాకు సాక్షి మా బస్సు ఆయా. తొమ్మిదేళ్ళుగా నాతో పనిచేస్తోంది. నోట్లో నాలుక లేని మనిషి. పిల్లల్ని ఎక్కించడం, దించడం, ముక్కులు తుడవడం, ఏడ్చేవాళ్ళను ఒళ్ళో కూర్చోబెట్టుకోవడం ఆమె పని. బండిలో ఆమె చెయ్యని పని ఒక్కటే, పిల్లల్ని లెక్కపెట్టడం. అది నాది. ఒకప్పుడు ఒక పాప చివరి సీట్లో నిద్రపోయి, నాతోపాటు షెడ్డు దాకా వచ్చేసింది. బండి కడుగుతుంటే ఏడుపు వినపడి నా గుండె జారిపోయింది. అప్పట్నుంచి ప్రతి స్టాపు దాటగానే అద్దంలో చూసి తలలు లెక్కపెట్టుకుంటాను. ఇంకొకరి లెక్క నేను నమ్మను.

"పసుపు లైటే కదమ్మా. నువ్వూ బండిలోనే ఉన్నావుగా, వచ్చి చెప్పాలి" అన్నాను. "సరే అన్నా" అంది. అంతే, ఇంకో మాట లేదు.

ఇంతలో మా బావమరిది దిగాడు. వాడికి డ్రైవింగ్ స్కూలుంది. రోడ్డు మీది రూలు ఒక్కటీ పాటించడుగానీ, రూళ్ళ మీద ఉచిత సలహాలకు లోటు లేదు.

"బావా, పోలీసుకి నెలకి ఒక్కరోజే కోర్టు డ్యూటీ ఉంటుంది. ఆయన రాసిన చలానాలన్నీ కట్టగట్టి ఆ రోజుకే వేస్తారు. నువ్వు ఒంట్లో బాగాలేదని ఒకసారి వాయిదా అడుగు. కొత్త తేదీ ఆయన రోజు కాకుండా పడుతుంది. ఆయన రాడు. రాకపోతే నీ మీద కేసు గోవిందా!"

విన్నాను. నా బుద్ధి గడ్డి తిని విన్నాను. మొదటి వాయిదాకి ఆయాను వెంటబెట్టుకు వెళ్ళి, నడుంనొప్పి అని చెప్పి కొత్త తేదీ తెచ్చుకున్నాను. అబద్ధం ఊరికే పోలేదు, ఆ బెంచీల మీద కూర్చుని కూర్చుని నిజంగానే నడుంనొప్పి పట్టుకుంది.

రెండో వాయిదాకి ఆ పోలీసు రానే వచ్చాడు. వాడి సెలవురోజట, అయినా రమ్మన్నారట. మేజిస్ట్రేటు మాత్రం రాలేదు. పదకొండున్నరకి బంట్రోతు గుమ్మంలోకి వచ్చి, ఈ రోజు కేసులన్నీ వాయిదా అని చల్లగా చెప్పి వెళ్ళిపోయాడు. మేం ముగ్గురం ఒకే మెట్ల మీదుగా దిగాం. పోలీసు నావైపు చూసి, "మీదేం కేసండీ?" అన్నాడు. నెలల తరబడి నేను నిద్రలోనూ తిట్టుకుంటున్న మనిషికి నా మొహమే గుర్తులేదు. ఒళ్ళు మండిపోయింది.

మూడో వాయిదాకి అందరూ వచ్చారు. మేజిస్ట్రేటు వచ్చాడు, పోలీసు వచ్చాడు, ఫైలు కూడా వచ్చింది. గోడకంటించిన జాబితాలో మాది నలభై ఒకటో నంబరు. సాయంత్రానికి ముప్ఫై ఆరు దగ్గర ఆగిపోయింది. ఆ రోజంతా పోలీసు మా బెంచీ చివరే కూర్చుని, బూటు విప్పి మడమ నొక్కుకుంటూనే ఉన్నాడు. ఆయా ఒళ్ళో సంచీ పెట్టుకుని, కళ్ళు మూసుకుని పెదాలు కదుపుతూ కూర్చుంది. నా తరఫున దేవుణ్ణి వేడుకుంటోందనుకుని మనసులోనే దణ్ణం పెట్టుకున్నాను. వెళ్ళేటప్పుడు గుమాస్తా ఫైలు మీద ఎర్ర సిరాతో గీసి, "ఇదే ఆఖరి వాయిదా. ఈసారి ఎవరు రాకపోతే వాళ్ళే ఓడినట్టు" అన్నాడు.

అప్పటికి ఏడు నెలలు. నేను సెలవు పెట్టిన రోజుల్లో బండి నడిపిన కుర్ర డ్రైవరు రెండుసార్లు ఒక స్టాపు మర్చిపోయాడు. ఇంకోసారి సెలవడిగితే బాగుండదని హెడ్మిస్ట్రెస్ చెప్పేసింది. కోపం కూడా అరిగిపోయింది నాకు. గెలుపో ఓటమో, ఏదో ఒకటి తేలితే చాలనిపించింది.

నాలుగో వాయిదా. అదే హాలు, అదే ఫ్యాను, అదే కిర్రు. పోలీసు కనపడలేదు. పది అయింది, పదకొండయింది. నా గుండె కొంచెం కొంచెం తేలికపడుతోంది. పక్కన ఆయా మళ్ళీ పెదాలు కదుపుతోంది. ఏమీ తోచక, ఎదుటి కిటికీ అద్దంలో బెంచీల మీదివాళ్ళు కనపడుతుంటే లెక్కపెట్టడం మొదలుపెట్టాను. పదిహేడు, పద్దెనిమిది. ఒకావిడ వంగింది. మళ్ళీ మొదట్నుంచి.

ఇరవై రెండు దగ్గరుండగా ఎవరో నా చొక్కా చెయ్యి పట్టి గట్టిగా లాగారు. ఆయా!

"అన్నా, పిలుస్తున్నారు! ఇది మూడో పిలుపు!"

పరుగెత్తాను. ఇంకో క్షణం ఆలస్యమైతే నేను రానట్టే రాసుకునేవారు. బంట్రోతు గొంతు కంచు గంటలాంటిది, వీధి చివరికి వినపడుతుంది. పది అడుగుల దూరంలో రెండుసార్లు అరిస్తే నాకు వినపడలేదు.

పోలీసును కూడా మూడుసార్లు పిలిచారు. బదులు లేదు. మేజిస్ట్రేటు గడియారం చూశాడు, ఫైలు చూశాడు, నన్ను చూడనే లేదు. "కేసు కొట్టేశాం. వెళ్ళొచ్చు." ఎనిమిది నెలలు తిరిగింది ఈ రెండు ముక్కలకే. మచ్చ లేదు. బండి నాదే.

మెట్లు దిగుతుంటే ఎగిరి గంతెయ్యాలి కదా, సగం మెట్ల మీదే ఆగిపోయాను. రెండు పిలుపులు ఎందుకు వినపడలేదు? లెక్కపెడుతున్నాను కనక. లెక్కపెట్టేటప్పుడు నాకు ఇంకేదీ కనపడదు, వినపడదు. మరి కూడలికి ముందర కూడా ఒక స్టాపుంది. స్టాపు దాటగానే నేను చేసే పని అదే. ఆ రోజు పసుపు లైటు బాగా గుర్తుందన్నానే, అసలు దాన్ని నేను చూశానా? ఎంత తవ్వుకున్నా అద్దంలో పిల్లల తలలే గుర్తొచ్చాయి.

వీధిలోకి వచ్చాక ఆయా ఆగింది.

"అన్నా, ఒక మాట చెప్తాను. కోప్పడకు."

"చెప్పమ్మా."

"ఆ రోజు ఎర్ర లైటే."

కోపం రాలేదు. "నువ్వు వెనకాల ఎవరికో చెప్పు పట్టీ బిగిస్తున్నావుగా?"

"బిగించి తలెత్తాను. మనం ఇంకా గీత దగ్గరికి కూడా రాలేదు, అప్పటికే ఎర్రబడింది. నువ్వు ఆపుతావనుకున్నాను. అవతల్నుంచి లారీ బయల్దేరింది. అది ఆగింది కాబట్టి సరిపోయింది."

లారీ సంగతి ఈ ఎనిమిది నెలల్లో ఎవరూ చెప్పలేదు. పోలీసు రాసిన కాగితంలో లేదు. నా బుర్రలో అసలే లేదు.

"మరి ఇన్నిసార్లు నా వెంట ఎందుకొచ్చావమ్మా?"

"నువ్వు రమ్మన్నావు. నాకేం కనపడిందని ఎప్పుడైనా అడిగావా అన్నా?"

అడగలేదు. ఏం చెప్పాలో చెప్పాను, అంతే.

"బోనెక్కించి ఉంటే ఏం చెప్పేదానివి?"

"అదే తెలీక చచ్చాను. నిజం చెప్తే నీ బండి పోతుంది. అబద్ధం చెప్తే పిల్లల మొహం చూడలేను. అందుకే ప్రతిసారీ వాయిదా పడాలని మొక్కుకుంటూ కూర్చున్నాను."

నేను ఏ వాయిదాను తిట్టుకుంటూ కూర్చున్నానో, ఆ వాయిదా కోసమే పక్కన ఈమె మొక్కుకుంది. సిగ్గుతో తల వాలిపోయింది. ఆమె సంచీ సర్దుకుని, "పొద్దున్న బండి ఆలస్యం చెయ్యకు, మొదటి స్టాపులో చంటిది ఎండలో నిలబడుతుంది" అని వెళ్ళిపోయింది.

ఇంట్లో బావమరిది స్వీటు పెట్టెతో తయారుగా ఉన్నాడు. "చెప్పానా బావా!" అని వీపు చరిచాడు. మా ఆవిడ నా మొహం చూసింది. మంచినీళ్ళు తెచ్చిచ్చింది. గ్లాసు పట్టుకుని ఏడ్చాను. గెలిచినవాడు ఇంటికొచ్చి ఏడవడమంటే ఏమిటో అప్పుడు తెలిసింది.

మర్నాడు పొద్దున్న కూడలి ముందరి స్టాపులో ముగ్గురు పిల్లలు ఎక్కారు. తలుపు పడింది. నా కళ్ళు వాటంతటవే అద్దంలోకి వెళ్ళాయి. చెయ్యెత్తి అద్దాన్ని పైకి తిప్పేశాను. ఇప్పుడందులో బండి కప్పు తప్ప ఏమీ కనపడదు.

"ఆయమ్మా, ఇవాళ్టి నుంచి లెక్క నువ్వు పెట్టు. నేను లైటు చూస్తాను."

వెనక సంచీ సీటు మీద పెట్టిన చప్పుడయింది. తర్వాత సన్నగా మొదలైంది. ఒకటి, రెండు, మూడు. పదహారేళ్ళలో మొదటిసారి ఇంకొకరి లెక్క వింటూ బండి నడుపుతున్నాను. నా లోపల అంకెలు కదులుతూనే ఉన్నాయి, పళ్ళు బిగబట్టి ఆపుకున్నాను. దూరాన పచ్చ లైటు పసుపయింది. గీతకి బారెడు ముందే ఆపాను. వెనక కారువాడు హారన్ మోగించాడు. మోగించనీ.

"ఇరవై ముగ్గురు, అన్నా" అంది ఆయా.

"సరే అమ్మా" అన్నాను. వెనక్కి తిరిగి చూసుకోలేదు.

లైటు ఎర్రబడింది. ఆ కూడలిలో అది ఎర్రబడటం చూడడం నాకదే మొదలు.