మూడు చుక్కలు, ఒక గీత

లక్ష్మీనరసమ్మ నోటికి భయపడని మనిషి ఆ ఊళ్ళో లేడు. ఆమె చేతిని నమ్మని తల్లి కూడా లేదు. పెద్దారవీడు పక్కనున్న ఆ చిన్న పల్లెలో నలభై ఏళ్ళుగా ఏ ఇంట బిడ్డ పుట్టినా తొలినీళ్ళు ఆమే పోయాలి. కాళ్ళు బారజాపుకుని పీటమీద కూర్చుని, పసిగుడ్డును కాళ్ళమీద పడుకోబెట్టుకుని, నువ్వులనూనె పట్టించి, తన సున్నిపిండితో మెత్తగా నలిచి, గోరువెచ్చని నీళ్ళు పోసేది. గుక్కపట్టి ఏడుస్తున్న బిడ్డ ఆ చేతుల్లోనే నిద్రలోకి జారుకునేది.

ఆ సున్నిపిండంటే ఆమెకు ప్రాణం. పెసలు, బావంచాలు, కచ్చూరాలు, కొమ్ము పసుపు, ఎండిన నిమ్మతొక్కు. ఏమేమి వేస్తుందో ఊరందరికీ తెలుసు, ఎంతెంత వేస్తుందో ఒక్కరికీ తెలియదు. ఎవరైనా అడిగితే, "తొందరేముంది, నేను పోయినాక చెప్తాలే" అనేది.

ఇన్నిళ్ళ బిడ్డలకు నీళ్ళు పోసిన మనిషికి సొంత మనవడినో మనవరాలినో కాళ్ళమీద వేసుకునే రోజు ఇంకా రాలేదు. కోడలు చెంచులక్ష్మికి ఇప్పుడు ఏడో నెల. తొలికాన్పుకు ఆడపిల్ల పుట్టింటికి పోవాలి గానీ, చెంచులక్ష్మికి పుట్టిల్లంటే వెలిగండ్లలో గొర్రెల వెంట తిరిగే తండ్రి ఒక్కడే. తల్లి ఆ పిల్లకు మూడేళ్ళప్పుడే పోయింది. "ఆయన గొర్రెలను చూసుకుంటాడా, బాలింతను చూసుకుంటాడా? కాన్పు ఈడనే" అని లక్ష్మీనరసమ్మ వియ్యంకుడికి కబురు చేసేసింది. అప్పటినుంచే పాత చీరలు చింపి, కుంకుడు రసంలో ఉతికి, బిడ్డకు మెత్తని గుడ్డలు మడతపెట్టి ఉంచింది. బిడ్డకోసం విడిగా ఒక చిన్న కుండలో పసుపు తగ్గించి పిండి కొట్టి పెట్టింది. రోజూ ఒకసారి ఆ కుండ మూత తీసి వాసన చూడకపోతే ఆమెకు తోచదు.

కొడుకు మాల్యాద్రి మార్కాపురంలో పలకల కార్ఖానాలో పనిచేస్తాడు. శనివారం సాయంత్రం ఇల్లు చేరతాడు. ఒక శనివారం గులాబీరంగు కాగితంలో చుట్టిన సబ్బుబిళ్ళ తెచ్చి అరుగుమీద పెట్టాడు.

"ఏందిరా ఇది?"

"ఒంటిసబ్బు అమ్మా. మా కార్ఖానాలో గుమస్తా బిడ్డకు దీంతోనే పోస్తారు నీళ్ళు."

"గుమస్తా బిడ్డకు నేను పొయ్యలా, అందుకే సబ్బుతో పోస్తుండారు" అని ఆ సబ్బును గూట్లోకి తోసేసింది. మాల్యాద్రి నవ్వి ఊరుకున్నాడు. అప్పటికి ఆ గొడవ అంతటితో అయిపోయింది.

సీమంతానికి ఆకుపచ్చ రవిక కుట్టించారు. గంజి పోయేదాకా ఒకసారి జాడించి తెమ్మని ముందురోజు పొద్దున చాకలి సుబ్బులుకు ఇచ్చింది లక్ష్మీనరసమ్మ. ఏ ఇంటి బట్ట అయినా మొదటిసారి సుబ్బులు చేతికి వచ్చిందంటే దానిమీద ఆ ఇంటి గుర్తు పడాల్సిందే. నల్లజీడి గింజను పుల్లతో పొడిచి, ఆ నల్లటి రసంతో మెడ వెనక పట్టీ లోపల గుర్తు పెడుతుంది. అది ఎన్ని ఉతుకులకూ పోదు. లక్ష్మీనరసమ్మ ఇంటి గుర్తు మూడు చుక్కలు, కింద ఒక గీత. వాకిట్లోనే కూర్చుని గుర్తు పెట్టి, సుబ్బులు సున్నం అడిగింది.

"సున్నం పూసి ఒకరోజు ఎండనియ్యాల పెద్దమ్మా. ఆనక బానలో ఉడకేసి ఎల్లుండి ఇస్తా. జీడిరసం పచ్చిగా ఉంటే ఒంటికి పడదు."

"పచ్చరంగుమీద సున్నం పూస్తే తెల్లమచ్చ పడదా? సున్నమూ వద్దు, బానా వద్దు. వాగులో జాడించి సాయంత్రానికి తెచ్చియ్యి, పొద్దునే పేరంటాండ్లు వస్తారు."

"నాకు భయంగా ఉంది పెద్దమ్మా."

"నలభై ఏండ్లుగా ఒళ్ళు తోమినదాన్ని. ఒంటి సంగతి నాకు చెప్తావా నువ్వు?"

సుబ్బులు రవికను మూటలో వేసుకుని వాగుకు పోయింది. చీకటి పడకముందే రవిక ఇంటికి వచ్చింది.

సీమంతం నాడు లక్ష్మీనరసమ్మ కోడలికి తలనుంచి పాదాలదాకా తానే నలుగు పెట్టింది. ఆకుపచ్చ రవికలో చెంచులక్ష్మి ఎంత బాగుందో చెప్పలేం. అత్త రెండుసార్లు దిష్టి తీసింది, రెండుసార్లూ కళ్ళు తుడుచుకుంది.

మూడోరోజుకు ఆ పిల్ల మెడ వెనక దురద మొదలైంది. కొప్పు కిందికి దించి ముడేసుకుని, పైన పమిట కప్పుకుని తిరిగింది. అడిగితే "చెమటకాయలు అత్తా" అనేది. శనివారం వచ్చిన మాల్యాద్రి కంటినుంచి మాత్రం దాచలేకపోయింది. అతను దీపం దగ్గరికి తెచ్చి పమిట అంచు కింద ఎర్రగా పొంగిన చర్మం చూశాడు.

"అమ్మా, నీ పిండే ఇది. నలుగు పెట్టినావు, మూడోనాడు పొక్కింది. ఇంకేం కావాల?"

"నా పిండికి ఎవురికైనా పొక్కిందా ఇన్నాళ్ళలో?"

"దీనికి పొక్కింది గదా. చెప్తుండా ఇను. పుట్టే బిడ్డకు సబ్బే. నీ పిండి తాకనియ్యను."

మామూలుగా అయితే లక్ష్మీనరసమ్మ ఇల్లు పీకి పందిరేసేది. ఆ రాత్రి చిన్న కుండ మూత తీసి వాసన కూడా చూడలేదు. పిండికి కోడలి ఒళ్ళు పొక్కిందన్న మాట బావి దగ్గరికి కూడా చేరింది. వీధి చివర వెంకటసుబ్బయ్య కోడలు కన్నది, తొలినీళ్ళకు ఈమెకు పిలుపు రాలేదు. నలభై ఏళ్ళలో అదే మొదలు. పిలవకపోతే పిలవకపోయారు, వాళ్ళ మీద కోపం కూడా రాలేదు ఆమెకు. కాళ్ళమీద మనవడు ఉండడేమోనన్న దిగులే మిగిలింది.

ఆమెకూ అనుమానం పట్టుకుంది. బావంచాలు ఈసారి కొత్త దుకాణంలో కొన్నది. పాతబడినవేమో, ఇంకేదైనా కలిసిందేమో. చిన్న కుండలోని పిండి తడిపి తన మోచేతి మడతలో మందంగా పట్టించి, మూడు రోజులు కడగకుండా తిరిగింది. ఏమీ కాలేదు. అయినా ధైర్యం రాలేదు. ముసలితోలు, దీనికేం తెలుస్తుందని తనను తానే కసురుకుంది.

నాలుగోరోజు కోడలిని పట్టుకుని ఎండలో కూర్చోబెట్టింది.

"కొప్పు తీయి."

"వద్దత్తా, తగ్గిపోయింది."

"తగ్గితే చూపించేదానికి ఏం రోగం? తీయి."

చెంచులక్ష్మి కొప్పు పైకెత్తింది. లక్ష్మీనరసమ్మ వంగి చూసింది. మూడు బొబ్బలు పక్కపక్కనే, వాటి కింద అడ్డంగా ఒక ఎర్రటి వాత. మూడు చుక్కలు, ఒక గీత. తన ఇంటి గుర్తు.

"సుబ్బులు!" అని అరిచి, చెప్పులు కూడా వేసుకోకుండా వాగుకు బయలుదేరింది. దారి పొడుగునా తిట్లు పేర్చుకుంటూ పోయింది. కంచె దాటేసరికి తిట్లు అయిపోయాయి, తన గొంతే తనకు వినిపించింది. సున్నమూ వద్దు, బానా వద్దు. వాగు గట్టుమీదే ఆగిపోయింది.

వాగులో మోకాలిలోతున నిలబడి బండమీద బట్ట బాదుతున్న సుబ్బులు ఆమెను చూసి చెయ్యి ఆపింది. ముఖం చూస్తేనే సంగతి అర్థమైంది కాబోలు, గబగబా గట్టుకు వచ్చింది.

"నాదే తప్పు పెద్దమ్మా. నువ్వు వద్దన్నా నేను సున్నం పెట్టాల్సింది. కోడలుపిల్లకు ఎట్లుంది?"

లక్ష్మీనరసమ్మ ఆమె తడిచెయ్యి పట్టుకుంది. "నీ తప్పెందుకే, నా నోటి తప్పు" అంది. తర్వాత ఇద్దరూ కలిసి ఇంటికి వచ్చి, నువ్వులు వెన్నతో నూరి ఆ పిల్ల మెడకు పట్టించారు. రెండుపూటలకు మంట చల్లారింది.

శనివారం మాల్యాద్రి వచ్చి, విషయం వినగానే లేచాడు. "జీడిరసమా? ఆ సుబ్బులికి బుద్ధుందా?"

ఇప్పుడు ఊరుకుంటే చాలు. పిండి పరువు నిలుస్తుంది, బిడ్డ ఆమె కాళ్ళమీదికి వస్తుంది. సుబ్బులు కూడా నోరు విప్పదు. లక్ష్మీనరసమ్మ కొడుకు చెయ్యి పట్టి కూర్చోబెట్టింది.

"సుబ్బులు సున్నం పెడతానంటే నేనే వద్దన్నా. తొందరపెట్టింది నేను. ఒంటి సంగతి నాకు చెప్తావా అని నోరు మూయించింది నేను. ఆనక అంతా మర్చిపోయి తిరిగినా. పిండి మంచిదేరా, మనిషే కాదు. బిడ్డకు నువ్వు సబ్బే తెచ్చుకో."

మాల్యాద్రి పెళ్ళాం వైపు చూశాడు. చెంచులక్ష్మి మెడ వెనక తడుముకుంటోంది. బొబ్బలు మాడిపోయి, నల్లటి మచ్చ మిగిలింది.

"మూడు చుక్కలు కనపడ్తుండాయా అత్తా ఇంకా?"

"కనపడ్తుండాయి తల్లీ. నెలరోజులకు పోతాయిలే."

"పోకపోయినా ఏంలే. మా నాయన గొర్రెకు గొర్రెకు చెవికి గుర్తు కోసేవాడు, ఎన్ని మందల్లో కలిసినా మనది మనింటికే రావాలని. అమ్మ లేకపోయె, నేనేమో పొద్దుకొక ఇంట్లో పెరిగినా. నాది ఇది అనే ఇల్లు ఒకటుంటే బాగుండని ఉండేది." ఆ పిల్ల నవ్వింది. "బిడ్డకు నీళ్ళు నువ్వే పొయ్యాల అత్తా. ఇంకొకరు పోస్తానంటే నేను ఇయ్యను."

లక్ష్మీనరసమ్మ ఏడ్చింది. ఇంత నోరున్న మనిషి అట్లా ఏడుస్తుందని ఆ ఇంట్లో ఎవరూ అనుకోలేదు.

ఎండాకాలం చివర ఆడపిల్ల పుట్టింది. తొలినీళ్ళకు ముందు లక్ష్మీనరసమ్మ పిండి తడిపి తన చేతికి రాసుకుంది, కోడలి చేతికి రాసింది, ఒకరోజు ఆగింది. తర్వాతే బిడ్డను కాళ్ళమీద వేసుకుంది. గూట్లో సబ్బు ఎప్పుడో ఎలుకల పాలైంది. వాకిట్లో సుబ్బులు బిడ్డ గుడ్డలు చేతిలోకి తీసుకుని, "వీటికి గుర్తు పెట్టాలా పెద్దమ్మా?" అని నవ్వుతూ అడిగింది.

"అది నువ్వే చెప్పాల సుబ్బులూ" అంది లక్ష్మీనరసమ్మ. "నువ్వెట్ల చెప్తే అట్లనే."