భోజనం సీను

అనకాపల్లి కాలేజీ హాల్లో రాజశ్రీ కాలుగాలిన పిల్లిలా తిరుగుతోంది. పేరుకేమో ఆమె తొలినాళ్లలో తీసిన సినిమాల మీద సదస్సు. పెద్దపెద్దవాళ్లొచ్చి పొగిడి శాలువా కప్పుతారట. ఒప్పుకున్నప్పుడు బాగానే ఉంది. తీరా వచ్చి చూస్తే ముందు వరసలో, చలవ చేసిన పంచె కట్టుకుని, వాళ్ల నాన్న చంద్రమౌళి కూర్చుని ఉన్నాడు. పక్కన అమ్మ, కన్యకాపరమేశ్వరి. దాంతో రాజశ్రీ గుండెల్లో రాయి పడింది.

చంద్రమౌళిది బెల్లం వ్యాపారం. పదేళ్ల కిందట కూతురు నటుల్ని పెట్టుకునే స్తోమత లేక, ఇంట్లోవాళ్లతోనే ‘మారువడ్డన’ అని సినిమా తీసింది. భర్తగా నాన్న, భార్యగా అమ్మ. నటించక్కర్లేదు, రోజూ ఎలా ఉంటారో అలాగే ఉండమంది. అందులో నాన్న భోంచేస్తూ తలెత్తకుండా చెయ్యి చాపుతాడు, అమ్మ ఆ చేతిలో మంచినీళ్ల గ్లాసు పెడుతుంది. అంతే సీను. మగ అహంకారాన్ని ఇంత బాగా ఎవరూ చూపించలేదని విమర్శకులు ఆకాశానికెత్తేశారు.

చంద్రమౌళి మాత్రం, అందులో తన బెల్లం కొట్టు కూడా కనిపిస్తుంది గనక, అది తన కొట్టు గురించి తీసిన సినిమా అనుకుంటున్నాడు. చుట్టాలెవరొచ్చినా చూపించి, హీరో ఎవరో గుర్తుపట్టమని మీసం దువ్వుతాడు. విమర్శకులు ఏం రాశారో కూతురు ఆయనకి ఏనాడూ చెప్పలేదు. చెబితే ఆ మీసం ఏమైపోవాలి, పాపం.

“నాన్నా, ఇక్కడ ఉక్కగా ఉంది. ఇంటికెళ్లి కాసేపు నడుం వాల్చండి” అంది రాజశ్రీ.

“ఏటమ్మా, నా సినిమా గురించి చెప్తంటే నేను ఇంటికాడ పడుకోడవేటి?” అన్నాడాయన.

ఆ సినిమా మీద పేపరు చదవబోతున్న లెక్చరర్ ఇందు దగ్గరికి పరిగెత్తింది. ఆ సీను సంగతి వదిలెయ్యమని బతిమాలింది. “అది తీసేస్తే నా పేపర్లో ఇంకేటుంటాది మేడమ్?” అని ఆ పిల్ల తెల్లబోయింది. ఇంక చేసేదేం లేక రాజశ్రీ వచ్చి అమ్మ పక్కన ముళ్ల మీద కూర్చున్నట్టు కూర్చుంది.

తెర మీద సీను నడిచింది. చెయ్యి చాచాడు. గ్లాసు వచ్చింది. ఇందు మైకు దగ్గరికి జరిగింది. “ఈ భర్త భార్య ముఖం ఒక్కసారి కూడా చూడడు. ఆమె తిన్నదో లేదో అతనికి అక్కర్లేదు. ఇంటింటా ఉన్న క్రూరత్వం ఇదే.”

చంద్రమౌళి చెయ్యి మీసం మీద నుంచి జారిపోయింది. రాజశ్రీకి భూమి చీలి లోపలికి పోతే బాగుండుననిపించింది. ఆయన కూతురి వంక చూడలేదు. భార్య వైపు తిరిగి మెల్లగా అడిగాడు.

“ఆ రోజు నువ్వు తిన్నావేటి?”

“ఎక్కడ తిన్నానండీ” అంది కన్యకాపరమేశ్వరి, కూరల బేరమంత మామూలుగా. “వెలుతురు లేదని ఓపాలి, గ్లాసు చప్పుడయిందని ఓపాలి, మీకే మళ్లీ మళ్లీ వడ్డించమంది అమ్మాయి. తర్వాత కెమెరావోళ్లకి పెట్టేను. అమ్మాయికీ పెట్టేను. చూస్తే గిన్నెలో ఏటీ మిగల్లేదు. అప్పుడే సాయంత్రం సీనుకి రమ్మంది. వెళ్లేను.”

ఆ మాటలు పక్కనున్న రాజశ్రీ చెవిన పడ్డాయి. ఆ రోజు తను ఏం తిన్నదో గుర్తుంది. వంకాయ కూర, చారు. వేళ్లు నాక్కుంటూ కెమెరా ఎక్కడ పెట్టాలో ఆలోచించుకుంది. ఇన్నాళ్లూ నాన్నని ఎలా కాపాడాలా అని కొట్టుమిట్టాడింది గానీ, అమ్మని ఒక్క మాట అడగాలన్న బుద్ధి పుట్టలేదు.

ఇంతలో వేదిక మీదికి పిలిచారు. వెనక నుంచి ఒక విమర్శకుడు లేచి అడిగాడు. “అందరూ భర్త చెయ్యి గురించే మాట్లాడతారు మేడమ్. నాకు మాత్రం సాయంత్రం సీనులో భార్య ముఖం మరుపు రాదు. ఆ ఆకలి, ఆ నీరసం. అంత సహజమైన నటన ఎలా రాబట్టారు?”

రాజశ్రీ మైకు అందుకుంది.

“అది నటన కాదండీ. మా అమ్మకి ఆ రోజు నేను అన్నం పెట్టలేదు” అంది.

హాలంతా చప్పట్లతో మారుమోగింది. అదేదో గొప్ప దర్శకత్వ పద్ధతి అనుకున్నారు. ఇందు గబగబా రాసుకుంది కూడా. మైకు పట్టుకున్న రాజశ్రీ “కాదు, కాదు” అంటూనే ఉంది, ఆ చప్పుడులో ఎవరికీ వినపడలేదు. ముందు వరసలో చంద్రమౌళి మాత్రం చప్పట్లు కొట్టకుండా భార్య ముఖం చూస్తూ కూర్చున్నాడు.