ఖాయం కాకముందు భోజనం

మా బావ ఆదినారాయణ ఏ ఊరినైనా తిండితోనే తూస్తాడు. నచ్చిన భోజనం దొరికితే అది ఊరు, దొరక్కపోతే దండగ. ప్రొద్దుటూరు మాకు ఉత్తరాన ఉంటుంది. పులివెందుల నుంచి తొండూరు, ముద్దనూరు మీదుగా కారులో పోతూ దారిలోనే తీర్పు చెప్పేశాడు.

"బంగారం అమ్ముకునే ఊరప్పా అది. తిండేం తెలుస్తాది వాళ్లకు?"

చూడకముందే తీసిపారేయడం ఆయనకు సుఖం. నాకూ అంతే. కాకపోతే నేను ఆ పని నోరు మెదపకుండా చేస్తాను.

బావ, అక్క, నేను పోయింది పెళ్లిచూపులకు. నాకు ముప్పై ఎనిమిదేళ్లు. కాలేజీలో పాఠాలు చెబుతాను. అమ్మానాన్నా పోయాక నా తరఫున మాట్లాడే పెద్దమనిషి బావే. ఇన్నేళ్లూ వచ్చిన ప్రతి సంబంధాన్నీ ఏదో ఒక సాకుతో తిప్పి పంపాను. ఒకామె నవ్వు, ఒకామె నాన్న గొంతు, ఒకరింట్లో సోఫాకు తీయకుండా వదిలేసిన ప్లాస్టిక్ కవరు. సాకులు వెతకడంలో నా నేర్పు చూసి నేనే లోలోపల మురిసిపోయేవాణ్ని.

పిల్ల పేరు మాధురి, జమ్మలమడుగులో పశువుల డాక్టరు. మేము కూర్చున్న చాలాసేపటికి వచ్చింది. ఎక్కడో ఆవుకు దూడ అడ్డం తిరిగిందట. చేతులు ఇంకా మందు సబ్బు వాసన వేస్తున్నాయి. ఎదురుగా కూర్చుని ముందు తన కాఫీ తాగేసింది.

"ఇంతకాలం ఎందుకు చేసుకోలేదు?"

"ఎవరూ నచ్చలేదండీ."

"మీరు ఎవురికన్నా నచ్చినారా?"

పశువు ఎన్నాళ్లుగా మేత ముట్టడం లేదని యజమానిని అడిగినట్టు, మామూలుగా అడిగింది. గదిలో ఎవరూ నవ్వలేదు. చెంపలు వేడెక్కాయి. అవమానం అనుకున్నాను, కాసేపటికి చూసుకుంటే ఆమె మళ్లీ ఏదైనా అడిగితే బాగుండునని కాచుకుని ఉన్నాను. ఈమె కావాలి అనుకున్నాను.

ఆశకొద్దీ వాళ్లింట్లో భోజనం సిద్ధం చేసి పెట్టారు. నాటుకోడి పులుసు వాసన వసారా దాకా వస్తోంది. కానీ మాలో ఒక కట్టుబాటు ఉంది. సంబంధం ఖాయం కాకముందు పిల్ల ఇంట్లో పండు, కాఫీ వరకే. భోజనం చేస్తే మాట ఇచ్చినట్టే. వాళ్లు మొహమాటానికి రమ్మన్నారు, బావ మొహమాటానికి చేతులు జోడించాడు. లేచి వచ్చేశాం.

కారెక్కగానే బావ మొదలుపెట్టాడు. "మాట చూస్తివా? బర్రెల్తో మాట్లాడినట్ల మాట్లాడతాది. సాయంత్రం ఫోన్ చేసి కుదర్లేదని చెప్తా. ఏం బామ్మర్దీ?"

ఇన్నేళ్లూ వద్దనడానికే వాడిన నోరు. కావాలనడం దానికి రాదు.

"నీ ఇష్టం బావా" అన్నాను. ఆ మాట అన్నందుకు నన్ను అసహ్యించుకోవాలి. అది కష్టం కాబట్టి బావను అసహ్యించుకున్నాను. మెడ వెనక మూడు మడతలు, వాటి మధ్య పౌడరు. స్టీరింగు వదలకుండా చూపుడు వేలితో మీసం దువ్వుకోవడం. దారి పొడుగునా చూడ్డానికి అది చాలు.

ముందు ఫోన్లో రేటింగు చుక్కలెక్కువున్న హోటలుకు పోయాం. గోడ మీద మంచుకొండల బొమ్మ, బల్ల మీద దుమ్ము పట్టిన గుడ్డపూలు. ఏం తిన్నా ఒకే ఎర్రసాసు వాసన వచ్చే చోటు. బావ మెనూ కార్డును తిరగేసి, బోర్లేసి చూశాడు. "సంగటి లేదంట. సంగటి లేకుండా సీమలో హోటలేంది, సావనీ." పెళ్లానికి ఐస్‌క్రీమ్ తినిపిస్తూ సెల్ఫీ తీసుకుంటున్న ఒక కొత్త మొగుణ్ని జాలిగా చూసి బయటికొచ్చాం.

రెండోది బిర్యానీ హోటలు. అక్కడ ఒక్కో కుర్చీ వెనక మరో కుటుంబం నిలబడి, కూర్చున్నవాడు ఎముక ఎప్పుడు పారేస్తాడా అని చూస్తోంది. ఆ చూపుల కింద మనుషులు నమలకుండా మింగుతున్నారు. బావ తన కారు తాళాలు బల్ల మీద పెట్టి చోటు పట్టబోయాడు. తింటున్నతను ఎడంచేత్తో వాటిని పక్కకు నెట్టాడు. అది చూసి నేను పొందిన ఆనందం బయటికి చెప్పుకునేది కాదు.

"నాకు కండ్లు తిరుగుతాండాయి" అంది అక్క స్వర్ణలత. ఆమెకు షుగరు. "వాళ్లింట్లోనే రోంత తినింటే సరిపోయేది."

"గమ్మునుండు. కట్టుబాటంటే కట్టుబాటే" అన్నాడు బావ. ఇంతలో రోడ్డు పక్కన ఆగి ఉన్న పోలీసు జీపును చూసి బ్రేకు వేశాడు. "దిగండి. పోలీసోళ్ల జీపు యాడ నిలబడితే ఆడ మాంసం బాగుంటాది. ఇంతవరకు నా లెక్క తప్పలే."

అదొక ఇంటి ముందుగదిలో నడిచే మెస్సు. నాలుగు బల్లలు, ఆకులు, నీళ్లు చల్లిన నేల. వడ్డించేది మునెమ్మ అనే లావుపాటి మనిషి. ఎవరినీ ఏం కావాలని అడగదు. తడిచేత్తో రాగిసంగటి ముద్ద తీసి ఆకులో వేసి, మధ్యలో గుంట చేసి నాటుకోడి పులుసు పోసిపోతుంది.

బావ మొదటి ముద్ద మింగి కళ్లు మూసుకున్నాడు. తప్పు వెతకడానికి నాలుకను నోట్లో చాలాసేపు తిప్పాడు. దొరకలేదు. "పరవాలేదు" అన్నాడు ఓడిపోయినట్టు.

"ఏ ఊరప్పా మీది?" అంది మునెమ్మ.

"పులివెందుల. పిల్లను చూడనీకి వచ్చినాం" అన్నాడు బావ.

"ఎవురి పిల్ల?"

"ఆ పశువుల డాక్టరు లేదా, మాధురి."

మునెమ్మ గరిటె ఆపింది. "మా అన్న కూతురే గదప్పా! మీకోసరమని పొద్దున ఈ సట్టిలోదే ఆడికి పంపిస్తి. ఆడ తినకుండా ఈడికొచ్చినారా?"

బావ చెయ్యి ఆకు మీద ఆగిపోయింది. ఆ ముఖంలో నేను ఎప్పుడూ చూడనిది కనిపించింది: మింగిన దాన్ని మింగలేదని తేల్చడానికి మనిషి పడే అవస్థ.

"లేయండి. తెలీక తిన్నాం, లెక్కలోకి రాదు. తెలిసి తినకూడదు."

"కడుపులోకి పోయిందాన్ని కక్కమంటావా?" అంటూనే అక్క వేళ్లు నాకుతూ లేచింది. బావ లేవమంటే లేవడం ఆమెకు నడకంత అలవాటు.

"ఆకు ముందర్నుంచి సగంలో లేసేటోళ్లను ఇప్పుడే చూస్తాండా" అంది మునెమ్మ. "మీదేదో గొప్ప వంశమే."

"ప్రవీణూ, నీకు యేరేగా చెప్పల్నా? తింటే మాట ఇచ్చినట్లే."

"తెలుసు బావా" అన్నాను. ముద్ద ముంచి నోట్లో పెట్టుకున్నాను.

ధైర్యమని పొరపడకండి. ఒక్క మాటా చెప్పకుండానే మాట ఇచ్చినట్టు కనబడే దారి దొరికింది. పిరికివాళ్లకు ఇంతగా పనికొచ్చే కట్టుబాటు ఇంకొకటి ఉండదు. బావ నా వంక, నా ఆకు వంక చూసి, అక్కను ముందు పెట్టుకుని బయటికి పోయాడు.

నేను గెలిచినవాడిలా తింటున్నాను. మునెమ్మ నడుం మీద చెయ్యి పెట్టుకుని నిలబడింది.

"నువ్వు తింటే అయిపోయినట్లేనా? మా పిల్ల ఏమంటాదో అడిగినారా ఎవురన్నా?"

నా దవడ ఆగింది. నిజంగానే ఆ ఆలోచన మా కారులో ఎవరికీ రాలేదు. అందరికన్నా తెలివైనవాణ్ననుకునే నాకూ రాలేదు.

ఆమె ఫోను తీసి స్పీకరు పెట్టింది. "మాధురీ, ఆ పులివెందులోళ్లు మన మెస్సుకే వచ్చినారు. తెలిసినాక ఇద్దురు లేసిపాయిరి. పిల్లోడు మాత్రం తింటాండాడు."

అటునుంచి మాధురి గొంతు వినిపించింది.

"అడిగి పెట్టించుకున్నాడా, నువ్వే పెట్టినావా?"

"నేనే పెడితి. ఈడ అడిగేదేముండాది?"

"అట్లయితే అది లెక్క కాదు అత్తా. కావాల్సింటే నోరు తెరిచి అడగమను."

మునెమ్మ ఫోనును నా ఆకు పక్కన పెట్టింది. నీళ్ల గ్లాసు నా వైపు జరిపింది. పక్క బల్ల దగ్గర పోలీసులు నమలడం మానేశారు. నేను గొంతు సవరించుకున్నాను.

"మాధురి గారూ, నాకు మీరు..."

బయట బావ హారను కొట్టాడు, చాలాసేపు.

"వినపళ్లేదు" అంది ఫోను. "గట్టిగా చెప్పండి."

మళ్లీ మొదటి నుంచి చెప్పాను, వీధిలో కారు దాకా వినపడేలా.