చావాల్సిన చేపలు

మా నీళ్ళ ప్లాంటులో ఆఫీసరు కంటే పెద్ద ఉద్యోగం చేపలది. నవ్వకండి. ఏట్లోంచి తోడిన నీళ్ళు ఊళ్ళోకి పోయే ముందు ఒక గాజుతొట్టిలోంచి పారతాయి. అందులో నాలుగు చేపలుంటాయి, ఒకదానికి తోక తెగింది. ఒక్కటి వెల్లకిలా తేలినా సరే, గేటు మూసెయ్యాలి. ఆ గేటు చక్రం తిప్పేది నేను. చేపల్ని చూసుకునేది మా అక్క మొగుడు. నీళ్ళు పరీక్ష చేసి వదలమని చెప్పేది వాళ్ళ కూతురు, నా మేనకోడలు. ఊరి గొంతు మొత్తం మా ఇంటివాళ్ళ చేతుల్లోనే ఉందని మీసం మెలేసేవాణ్ణి.

మొన్న పొద్దున్న చూద్దును కదా, తోక తెగిన చేపకి తోకొచ్చేసింది.

"బావా, ఏం మందు రాశావయ్యా? కాస్త నీ బట్టతలకి కూడా రాసుకో, అక్క సంతోషిస్తుంది!"

ఒకటంటే నాలుగంటించే మనిషి, మొహం పాలిపోయింది. చెయ్యి పట్టుకుని పంపుల వెనక్కి లాక్కెళ్ళాడు.

"అరవకురా. అది చచ్చింది. కొత్తది తెచ్చి వేశాను."

"ఎప్పుడు?"

"వారం నుంచీ చస్తూనే ఉన్నాయిరా. మేత సరిగ్గా వెయ్యట్లేదని నన్నంటారు. తండ్రికి చేపల్ని పెంచడం కూడా రాదని పిల్ల దగ్గర నవ్వుతారు."

"ఓరి నా పిచ్చి బావా, అవి పెంచుకోడానికి కాదయ్యా..."

వెనకాలే మేనకోడలు, చేతిలో నీళ్ళ సీసాతో. అంతా వింది. రంగూ వాసనా బాగున్నాయి, చేపలూ ఆడుతున్నాయి అని వారమంతా నీళ్ళు వదలమన్నది తనే మరి.

"మావయ్యా, గేటు ముయ్యి," అంది. తండ్రి వైపు చూళ్ళేదు.

మూశాను. పంపులూ ఆపేశాను. పై ఆఫీసుకి చెప్పడానికి ఫోన్ తీసింది. చెప్తే బావ ఉద్యోగం ఊడుతుంది, జైలు కూడా కావచ్చు. నేను అడ్డం పడ్డాను.

"ఒసేయ్, ఆగవే. చేపల్ని నేనే సరదాకి మార్చానని చెప్పు. నా సంగతి తెలుసుగా, టక్కున నమ్ముతారు."

"నమ్ముతారు మావయ్యా. నీ వేళాకోళమే కదా, నీళ్ళు మంచివేలే అని గేటు తెరిపిస్తారు. తాగినవాళ్ళని ఆసుపత్రికి పొమ్మని ఎవడు చెప్తాడు?"

నా మాట జనం నమ్ముతారంటే భయమేసింది నాకు.

చెప్పేసింది. చేపలు చచ్చాయనీ, వారంగా చస్తున్నాయనీ, మార్చింది మా నాన్నేననీ. బావ గోడకి జారబడి, కూతురి మాటకల్లా అవునవునని తలూపుతున్నాడు.

"మీ అమ్మకి కూడా చెప్పమ్మా," అన్నాడు.

స్పీకర్లో అక్క గొంతు. "కుళాయి నీళ్ళు ముట్టుకోవద్దా? ఇప్పుడా చెప్పేది? ఇందాకే పక్కింటి పసిదానికి ఆ నీళ్ళతోనే పాలు కలిపి పట్టాను. హాయిగా పడుకుంది."

బావ ఫోన్ లాక్కున్నాడు. "లేపు! ముందు దాన్ని లేపు!"